బరువు పక్కన చుక్క

"స్విచ్చి నువ్వే ఆపీసినావు ఆయమ్మా. నువ్వు కాకపోతే ఇంకెవులు ఆపుతారు?"

"నానెందుకు ఆపుతాను? నీ మిసను దానంతట అది పడుకుంటే నా నెత్తిన రుద్దుతావేటే గుంటా?"

"నిన్న నాను ఎల్లేదాకా బాగానే ఉన్నాది. పొద్దున్న వచ్చేసరికి నేదు. మద్దిలో ఈ గదికి తాళం తీసిందెవులు?"

"తాళం తీసినోలందరూ దొంగలేనా? ఊడవడానికి తీసినాను. కిటికీలోంచి ఊడవమంటావేటి?"

బుధవారం పొద్దున్న తొమ్మిది దాటింది. ఆసుపత్రి వరండాలో నలుగురు ఏఎన్ఎంలు టీకాల డబ్బాలు భుజానికి తగిలించుకుని, ఏ ఊళ్లో ఏ బిడ్డకు ఇవాళ టీకా వెయ్యాలో చెప్పే జాబితా కోసం నిలబడి ఉన్నారు. ఆ జాబితా రావలసిన గదిలో మా కంప్యూటరు ఆపరేటరు పిల్లా, ఆయానైన నేనూ ఇలా ఒకరి మీద ఒకరం పడుతున్నాం. మా వెనక తెర మీద "ఆగిపోయింది" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క కనబడుతోంది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు, నాకు అసలే తెలియదు. గొంతు మాత్రం నాదే పెద్దది.

పాత ఉద్యోగులు తలా ఒక అనుభవం రాస్తే కొత్తగా చేరే పిల్లలకు పనికొస్తుందని ఈ పుస్తకం వేస్తున్నవాళ్లు అడిగారు. మిగతావాళ్లు తాము సాధించినవి రాస్తారు. నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి రాస్తాను. నేను చదివింది మూడో తరగతి వరకే. అక్షరాలు నావి, ఒత్తులు దిద్దింది నా మనవరాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆయాగా చేశాను. చీపురుపల్లికి ఆటో దూరంలో ఉండే చిన్న సర్కారు ఆసుపత్రి మాది. ఊడవడం, తుడవడం, కాన్పు గదిలో నర్సమ్మకు చేయందించడం, పుట్టిన బిడ్డను తుడిచి తూనిక మీద పెట్టి బరువు చెప్పడం నా పనులు. ఇవి కాక నాకై నేను పెట్టుకున్న పని ఇంకొకటి ఉండేది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆపడం. అరిగిన సబ్బు ముక్కలన్నీ తడిపి ఒక ముద్ద చేసి మళ్లీ వాడించేదాన్ని. ఒకవైపు అచ్చయిన కాగితం పారేస్తే ఏరి తెచ్చి, రెండో వైపు రాసుకోమని నర్సమ్మ బల్ల మీద పెట్టేదాన్ని. డాక్టరు గారు సైతం నేను వరండాలోకి వస్తున్న చప్పుడు వింటే చెయ్యి స్విచ్చి మీదకు పోనిచ్చేవారు. ఆయన అలా భయపడటం నాకు బాగుండేది. ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

రెండు వేల పదిహేనో, పదహారో. అప్పటికి మాకు రెండు కంప్యూటర్లు వచ్చి ఉన్నాయి. ఒకటి ఆఫీసు గదిలో, ఒకటి సూదిమందు గదిలో. వాటితోపాటు కాంట్రాక్టు మీద ఒక ఆపరేటరు వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. శ్రీకాకుళం వైపు నుంచి పాసింజరు రైల్లో వచ్చి, చీపురుపల్లిలో దిగి, ఆటో పట్టుకుని చేరేది. ఇంట్లో నెల నెలా నమ్మకంగా వచ్చే జీతం ఆమెదొక్కటే. భర్తకు పని దొరికిన రోజు దొరికినట్టు. రెండేళ్ల బిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చేది.

ఆమె చేరిన నెలలోనే ఒకరోజు సాయంత్రం, గదిలో ఎవరూ లేరని నేను గోడ మీది పెద్ద స్విచ్చి ఆపేశాను. ఆమె టీ తాగడానికి వెళ్లిందట. పొద్దుటినుంచి కొట్టిందంతా పోయిందని కూర్చుని ఏడ్చింది. మర్నాడు ఆ స్విచ్చి మీద "తాకవద్దు" అని చీటీ అంటించింది. ఆ తరువాత నేను ఆ స్విచ్చి జోలికి పోలేదు. కానీ ఒకసారి పడిన పేరు పడిందే కదా. కాబట్టి ఆ బుధవారం ఆమె నన్ను అనుమానించడంలో తప్పు లేదు. అసలు తప్పు ఎక్కడుందో చెప్పాలంటే రెండు వారాలు వెనక్కి వెళ్లాలి.

ఆ కంప్యూటర్లో ఒక స్క్రిప్టు ఉండేది. ముందు ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి అని యంత్రానికి రాసిపెట్టిన పని చీటీ అనుకోండి. కంప్యూటర్లోనే ఉండే కాన్పుల పట్టీలో తల్లి పేరు, ఊరు, బిడ్డ పుట్టిన రోజు, బరువు ఉంటాయి. టీకా రోజైన బుధవారం, శనివారం సరిగ్గా తొమ్మిదికి ఆ స్క్రిప్టు పట్టీ అంతా పైనుంచి కిందకు చదివి, ఎవరికి ఎన్ని వారాలు నిండాయో లెక్క కట్టి, ఊరికొక జాబితా అచ్చు వేసేది. బరువు బాగా తక్కువున్న బిడ్డల పేర్లు వేరే కాగితం మీద ఇచ్చేది, ఇంటికి వెళ్లి చూసి రమ్మని. ఏఎన్ఎంలు ఆ కాగితాలు పట్టుకుని బయలుదేరేవారు. సూదిమందు గదిలోని కంప్యూటరు కూడా అదే పట్టీ చదువుకునేది. ఆ స్క్రిప్టు రాసిపెట్టినవాడు ఉద్యోగం మారి ఎక్కడికో పోయాడు. ఫోను చేస్తే ఎత్తేవాడు కాదు. నడుస్తున్నంతకాలం ఎవరికీ అతనితో పని పడలేదు.

ఆపరేటరుకు ఇంకో ఆసుపత్రి పని కూడా అప్పజెప్పారు. వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. ఆమె లేని రోజుల్లో పుట్టిన బిడ్డల వివరాలు పట్టీలోకి ఎక్కించేవారు లేరు. నర్సమ్మకు తీరదు. అప్పుడు ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి నేర్పింది. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చూసి కొట్టడమే. పేర్ల అక్షరాలు వెతుక్కోవడానికి నాకు చాలాసేపు పట్టేది, అంకెలు మాత్రం బేగి వచ్చేశాయి. కిలోకూ గ్రాములకూ మధ్య కొట్టే చుక్క సున్నా పక్కనే ఉంటుంది. ఆ మీట మీద నా వేలు కళ్లు మూసుకున్నా పడేది.

నాకు గర్వం వచ్చింది. మూడో తరగతి ముసలిది కంప్యూటరు కొడుతోందని బజారులో అనుకోవాలని ఎవరూ అడగకుండానే చెప్పేదాన్ని. కూరల కొట్టు దగ్గర రెండుసార్లు చెప్పాను. రెండోసారి కొట్టువాడు మొదటిసారే విన్నానన్నాడు.

ఆ రోజుల్లోనే మెట్ట మీది పల్లె నుంచి ఒక పిల్ల కాన్పుకు వచ్చింది. ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఈసారి మగబిడ్డ, మూడు కిలోల ఏడు వందలు. మా వైపు అంత బరువు అరుదు. నేను తూనిక మీద చూసి నోరు తెరిచేలోగా ఆ తల్లి మంచం మీద నుంచే నా ముంజెయ్యి పట్టుకుంది. "పిన్నీ, బరువు గట్టిగా సెప్పకు. వరండాలో జనం ఉన్నారు" అంది.

నేను నర్సమ్మ చెవిలో చెప్పాను. ఆమె రిజిస్టరులో రాసుకుంది. అక్కడికి ఊరుకుంటే బాగుండేది.

మర్నాడు ఆపరేటరు లేదు. నేను కూర్చుని ఆ బిడ్డ వరస కొడుతున్నాను. బరువు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఇంటికొచ్చిన చుట్టం పిల్లాడు బొద్దుగా ఉన్నాడంటేనే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం. ఇదేమో జాబితాల్లోకి ఎక్కే పట్టీ. ఏఎన్ఎంలు చూస్తారు, జిల్లా ఆఫీసులో చూస్తారు, ఎంతమంది కళ్లు పడతాయో ఎవరికి తెలుసు. కళ్లకు కాటుక, బుగ్గన చుక్క లేకుండా ఏ తల్లయినా బిడ్డను వీధిలోకి తెస్తుందా? నేనైనా ఎలా పంపను? అంకెలన్నీ కొట్టి, చివర ఆ చుక్క మీటనే ఇంకొకసారి నొక్కాను. బరువు పక్కన చిన్న నల్ల చుక్క పడింది. నా మనసు కుదుటపడింది.

ఒకడికి పెట్టి ఇంకొకరికి మానేస్తే పక్షపాతం. అందుకని ఆ వారంలో మూడు కిలోలు దాటిన ప్రతి బిడ్డకూ పెట్టాను. సన్నగా పుట్టినవాళ్లకు పెట్టలేదు. పొదుపు మనిషిని కదా, అవసరం లేని చోట చుక్క కూడా ఖర్చు పెట్టను.

ఆ శనివారం తొమ్మిదికి జాబితాలు రాలేదు. సూదిమందు గదిలోనూ రాలేదు. ఆపరేటరు ఆపి మళ్లీ వేసింది, తీగలు ఊడదీసి మళ్లీ గుచ్చింది. స్క్రిప్టు మొదలవుతుంది, కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది. ఏఎన్ఎంలు గుర్తున్నంతవరకు పేర్లు చేతిమీద రాసుకుని వెళ్లారు. తరువాతి బుధవారమూ అంతే. ఆ పై శనివారమూ అంతే. మూడు టీకా రోజులు అలా గడిచాయి.

మంగళవారం నాడు విజయనగరం నుంచి రిపేరు చేసే అతను బండి మీద వచ్చాడు. పెట్టె మూత తీసి, ఇంత దుమ్ము ఉంటే ఏదైనా ఆగిపోతుంది అన్నాడు. ఆ మాటకు అందరూ నా వైపు చూశారు. నేను మూత లోపల కూడా ఊడవాలని ఎవరూ చెప్పలేదని అన్నాను. అతను వైరస్సు మందేదో ఎక్కించి, ఆపరేటరు దాచుకున్న పాత పట్టీ నకలు పెట్టి నడిపించాడు. మచ్చుకు ఒక జాబితా టకటకా వచ్చేసింది. పైనుంచి ఏదో అప్‌డేట్ వచ్చి చెడిపోయి ఉంటుందని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

నకలు పాతది కాబట్టి ఈ మధ్య పుట్టిన బిడ్డలు అందులో లేరు. ఆపరేటరు మధ్యాహ్నం రెండో ఆసుపత్రికి వెళ్తూ, రిజిస్టరు చూసి మళ్లీ ఎక్కించమని నాకు చెప్పింది. ఎక్కించాను. మొదటిసారి హడావుడిలో ఒకరిద్దరికి చుక్క మరిచిపోయాను కాబట్టి ఈసారి మరింత శ్రద్ధగా, మొత్తం ఏడు పెట్టాను.

బుధవారం తొమ్మిదికి స్క్రిప్టు మళ్లీ ఆగిపోయింది. మొదట రాసిన దెబ్బలాట అప్పటిదే.

మీరు నవ్వుకుంటూ ఉండవచ్చు. ఇంత తేటగా కనబడుతున్న సంగతి దీనికి తట్టలేదా అని. తట్టలేదు. నేను కొట్టిన అంకెలను ఆమె రిజిస్టరుతో రెండుసార్లు సరిచూసింది. ఒక్క అంకె తప్పు లేదు. అందుకే నా రాత మీద ఆమెకు అనుమానం రాలేదు, స్విచ్చి మీదకు పోయింది. ఇక నేను చుక్కను తప్పుగా ఎందుకు అనుకుంటాను? అది మేలు కోసం పెట్టింది. ఊడవడం వల్ల చెడిపోయిందంటే నమ్మేదాన్నేమో గానీ, దిష్టిచుక్క వల్ల చెడిపోతుందంటే ఆ రోజు దేవుడు వచ్చి చెప్పినా నమ్మను.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారు మమ్మల్ని పిలిచారు. శుక్రవారం జిల్లా ఆఫీసు నుంచి మేడమ్ వస్తున్నారట. నాలుగు టీకా రోజులు జాబితాలు ఎందుకు రాలేదో జవాబు కావాలట. ఆపరేటరు కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది, మళ్లీ రాయాలంటే ఆ మేడమే సంతకం పెట్టాలి. డాక్టరు గారు మంచివారే, కానీ పైవాళ్లంటే భయం. ఎవరికి తెలిసింది వాళ్లు కాగితం మీద రాసి ఇవ్వండి అన్నారు.

నేను స్విచ్చి మాటకు ఇంకా మండిపడుతున్నాను. గురువారం కూర్చుని, ఒకవైపు అచ్చయిన కాగితం వెనక నాలుగు వాక్యాలు రాశాను. ఆపరేటరు ఆలస్యంగా వస్తుంది. ఫోను ఎక్కువగా చూస్తుంది. కంప్యూటరు దగ్గర వేరుశనగకాయలు తింటుంది. స్విచ్చి నేను ఆపలేదు. నాలుగూ నిజమే. రైలు ఆలస్యమైతే ఆమె ఆలస్యం, ఫోను బిడ్డ కోసం, కాయలు ఆకలికి. ఆ సంగతులు రాయలేదు. సంతకం మాత్రం ఎప్పటికంటే పెద్దగా పెట్టాను.

శుక్రవారం పదింటికి మేడమ్ వచ్చింది. నలభై దాటిన మనిషి, గొంతు పెంచదు, కూర్చోమంటే కూర్చోదు. మా కాగితాలన్నీ ఉన్న ఫైలు చేతిలో పెట్టుకుని, కంప్యూటరు ముందు నిలబడి, పట్టీ తెరవమంది. ఆపరేటరు తెరిచింది. ఆ పిల్ల ముఖం చూస్తే పొద్దున్న ఏమీ తిన్నట్టు లేదు. డాక్టరు గారు, నర్సమ్మ, మందులిచ్చే అతను గోడవారగా నిలబడ్డారు. నేను గుమ్మంలో.

మేడమ్ తెర వైపు వంగి చూసి నా వైపు తిరిగింది. "తెర ఎప్పుడూ తుడవరా? ఈగలు ఎలా పాడుచేశాయో చూడండి" అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో శుభ్రం విషయంలో నన్నెవరూ మాట అనలేదు. తలవంచుకుని తడిగుడ్డ తెచ్చాను. రుద్దాను. కొన్ని మచ్చలు పోయాయి, కొన్ని పోలేదు. గట్టిగా రుద్దాను. ఈలోగా మేడమ్ కింది వరసలు చూపించమంది. ఆపరేటరు పట్టీని జరిపింది. నేను రుద్దుతున్న మచ్చ నా గుడ్డ కిందనుంచి పైకి నడిచిపోయింది. నా చెయ్యి దాని వెంట పోయింది. ఇంకొంచెం జరిపింది, ఇంకొంచెం పైకి పోయింది. నేనూ గుడ్డా వెంట పోయాం.

ఆపరేటరు చెయ్యి ఆపేసింది. "ఇది ఈగది కాదు" అంది, ఎవరితోనో అన్నట్టు.

ఆ వరస మీద నొక్కింది. బరువు పక్కన చుక్క. కిందికి వెళ్లింది, ఇంకొక చుక్క. ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోయింది. చుక్క తగిలిన బరువును యంత్రం అంకె అనుకోదనీ, అంకె కాదనుకున్న చోట ఆగిపోతుందనీ ఆమె మేడమ్‌కు చెబుతోంది. రెండు వారాలుగా వెతుకుతున్నది దొరికిన మనిషి గొంతులా లేదు. ఎందుకంటే ఆ వరసలు ఎవరు కొట్టారో ఆమెకు తెలుసు.

"ఎవరు పెట్టారు ఇవి?" అని అడిగింది మేడమ్.

ఆపరేటరు నా వైపు ఒకసారి చూసి నేల చూపులు చూసింది. "నేనే కొట్టాను మేడమ్. చెయ్యి తగిలుంటాది."

"ఏడుసార్లు తగిలిందా?"

మేడమ్ ఫైలు తెరిచింది. పైనున్నది నా కాగితమే. వెనక అచ్చు కనబడుతుంటే దూరం నుంచే గుర్తుపట్టాను. ఆమె అది చదవడానికి కళ్లద్దాలు సరిచేసుకుంటోంది. ఆ నాలుగు వాక్యాలు చదివితే ఇక ఆ పిల్ల నెలాఖరుకు ఇంటికే. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. నన్ను ఎవరూ అడగలేదు కూడా.

"తప్పు ఆ గుంటది కాదమ్మా" అన్నాను. "సుక్కలు నాను పెట్టినాను."

ఆమె కాగితం దించింది. ఆయాకు కంప్యూటరుతో ఏం పని అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, ఒక గుంటలోంచి లాగబోయి ఆ పిల్లను ఇంకొక గుంటలోకి నెట్టానని. తన పని ఆయా చేత చేయించిందని రాసినా ఉద్యోగం పోతుంది. డాక్టరు గారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. చాలాసేపు చూశారు. చివరకు గొంతు సవరించుకున్నారు.

"రెండు ఆసుపత్రులూ చూడమని ఆమెకు చెప్పింది నేనే మేడమ్. ఆమె లేనప్పుడు ఆయమ్మ కొడుతోందని నాకు తెలుసు" అన్నారు.

ఆయన ఆ మాట అంటారని నేను అనుకోలేదు. ఫ్యాను స్విచ్చి దగ్గర భయపడే మనిషని లోకువగా చూసినందుకు ఆ నిమిషంలో సిగ్గుపడ్డాను.

మేడమ్ నన్నే అడిగింది, చుక్కలు ఎందుకు పెట్టావని.

"దిష్టి తగలకుండా అమ్మా."

అర్థం కాలేదంది. మొత్తం చెప్పాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకోవడం, పట్టీ మీద పడే కళ్లు, మూడు కిలోల పైబడినవాళ్లు. మందులిచ్చే అతను గోడ వైపు తిరిగిపోయాడు, భుజాలు ఊగుతున్నాయి. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"సన్నగా ఉన్నవాళ్లకు పెట్టలేదేం?"

"ఆలకెవులు దిష్టి పెడతారమ్మా?"

"మీ చుక్కల వల్ల రెండు వారాలుగా బొద్దుపిల్లలకూ సన్నపిల్లలకూ ఎవరికి ఎప్పుడు టీకా వెయ్యాలో తెలియలేదు. ఇంటికి వెళ్లి చూడవలసిన బక్కపిల్లల కాగితం కూడా రాలేదు. అది తెలుసా?"

తెలియదు. అంటే, అలా ఎప్పుడూ అనుకోలేదు. నాకు ఆ స్క్రిప్టు ఆగిందంటే ఆ గుంటకూ నాకూ దెబ్బలాట అనే తెలుసు. అటువైపు బిడ్డలున్నారని, అదీ బిడ్డల కోసం చుక్క పెట్టిన నేను, మరిచిపోయాను. గుడ్డ నీళ్లు కారుతూ చేతిలోనే ఉంది.

మేడమ్ నా కాగితం మళ్లీ తీసింది. అది కోపంలో రాసింది, తిరిగి ఇచ్చేయమని అడిగాను. రాసిచ్చిన కాగితం ఫైల్లోంచి పోదంది. కింద చోటుంది కాబట్టి కావాలంటే అక్కడ రాయమంది. మిగిలిన జాగా రెండు వేళ్ల వెడల్పు. నర్సమ్మ కలం ఇచ్చింది. "పైన రాసినవి కోపంతో రాసినవి. చుక్కలు పెట్టింది నేను. ఆపరేటరు తప్పు లేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. ఈసారి చిన్నగా. మేడమ్ చదువుకుని ఫైలు మూసింది. ఆపరేటరును ఇకపై ఇక్కడే ఉంచుతామనీ, పట్టీ మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదనీ చెప్పి జీపెక్కింది. కాంట్రాక్టు మాట ఎత్తలేదు.

జీపు పోయాక గదిలో మేమిద్దరమే మిగిలాం. ఎందుకు నీ మీద వేసుకున్నావని అడిగాను.

"నీ కోసం కాదులే ఆయమ్మా. నీ సేత కొట్టించినానని తెలిస్తే ముందు పోయేది నా ఉద్యోగమే" అంది. తరువాత ఇటు తిరిగి, "కాయితం మీద రాసినావు కదా, ఆ ఏరుశనక్కాయలు సగం నువ్వే తిన్నావు" అంది.

తిన్నాను. పొట్టు ఊడ్చింది కూడా నేనే.

చుక్కలు తీసేయడానికి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను రిజిస్టరు చూసి తల్లి పేరు చెప్పాలి, ఆమె వెతికి తుడిచేయాలి. ఆరు తుడిచేసింది. మిగిలింది మెట్ట పల్లె బిడ్డది.

"ఇదొక్కటీ ఉంచీ" అన్నాను.

"ఉంచితే నెల తిరిగేసరికి ఆడికే టీకా అందదు."

ఆమె వేలు మీట మీద పెట్టి నా వైపు చూస్తోంది. నన్ను అడగవలసిన పని ఆమెకు లేదు. అయినా ఆగింది.

"తుడిచీ" అన్నాను.

తుడిచేసింది. స్క్రిప్టు నడిపింది. నాలుగు టీకా రోజుల జాబితాలూ ఒకదాని వెనక ఒకటి బయటకు వచ్చాయి. మధ్యాహ్నం నుంచి ఏఎన్ఎంలు తలా ఒక ఊరు పంచుకున్నారు. నేనూ రెండు ఊళ్లు తీసుకున్నాను. నన్ను వెళ్లమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. టీకా రోజు దాటిపోయిన బిడ్డల ఇళ్లకు నడిచి వెళ్లి, మర్నాడు పొద్దున్న ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పాను. ఒక ఇంట్లో ఎందుకు ఆలస్యమైందని అడిగారు. నా వల్ల అన్నాను. వాళ్లు నేను కబురు చెప్పడం మరిచానేమో అనుకున్నారు. వివరం చెప్పే ధైర్యం లేక అలాగే ఉంచేశాను.

మర్నాడు శనివారం. ఆపరేటరు తొమ్మిదికి ముందే వచ్చింది. హాజరు పట్టీలో సంతకం చేసి, కుర్చీలో కూర్చుని, నిన్నటినుంచి ఎన్ని కాన్పులని అడిగింది. రెండు అన్నాను. "బరువులు సెప్పు, నాను కొడతాను" అంది. చెప్పాను. కొట్టింది. తొమ్మిదికి జాబితాలు వచ్చాయి. ఏఎన్ఎంలు అవి పట్టుకుని వెళ్లారు. మేము పిలిచిన పద్నాలుగు మంది తల్లుల్లో పదమూడు మంది వచ్చారు. పద్నాలుగో ఆమె కోసం నేను మధ్యాహ్నం మళ్లీ నడిచాను.